పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి జనన, వంశ వివరాలపై భిన్న కథనాలు

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 17వ శతాబ్దానికి చెందిన యోగి, కాలజ్ఞాన కర్త. ఆంధ్రదేశంలో, ముఖ్యంగా రాయలసీమలో, ఆయన పేరు తెలియని పల్లె లేదు. అయినప్పటికీ ఆయన ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ పుట్టాడు, ఎవరి కుమారుడు అన్న మూడు ప్రశ్నలకు వివిధ గ్రంథాలలో వివిధ సమాధానాలు కనిపిస్తాయి. ఒక గ్రంథంలో తల్లిదండ్రులు పరిపూర్ణయాచార్యుడు, ప్రకృతాంబ. మరొక గ్రంథంలో వీరభోజయాచార్యుడు, వీరపాపమాంబ. జనన సంవత్సరం కొన్నిచోట్ల క్రీ.శ. 1608, కొన్నిచోట్ల 1610. సమాధి సంవత్సరం కొందరికి 1693, కొందరికి 1694. ఈ వ్యాసం ఆ భిన్న కథనాలను, అవి ఏర్పడిన కారణాలను, వాటిని సమన్వయించే పద్ధతులను వివరిస్తుంది.

స్వామి జీవితంతో ముడిపడిన ప్రదేశాలలో నంద్యాల జిల్లాలోని బనగానపల్లె, రవ్వలకొండ, యాగంటి ముఖ్యమైనవి. వైఎస్ఆర్ కడప జిల్లాలోని కందిమల్లాయపల్లె ఆయన సమాధి స్థలం. ఈ గ్రామమే నేడు బ్రహ్మంగారి మఠం అనే పేరుతో ప్రసిద్ధి చెందింది.

నేపథ్యం

17వ శతాబ్దంలో తెలుగు దేశంలో సామాన్యుల జననాలను నమోదు చేసే వ్యవస్థ లేదు. రాజుల, మంత్రుల, దాతల వంశావళులు శాసనాలలోను, కావ్యాల అవతారికలలోను లభిస్తాయి. పశువులు కాసి, ఊరూరా తిరిగి బోధ చేసిన ఒక యోగి పుట్టుకను రాతిపై చెక్కించిన వారు లేరు. అందువలన ఆయన జీవితాన్ని తెలుసుకోవడానికి ప్రధానంగా నాలుగు రకాల ఆధారాలు ఉన్నాయి.

* కాలజ్ఞానం పేరుతో ప్రచారంలో ఉన్న తాళపత్ర ప్రతులు, వాటి నుండి ముద్రితమైన పుస్తకాలు
* మఠ సంప్రదాయంలో వచ్చిన చరిత్ర, గురుపరంపర, ఆరాధనా తిథులు
* హరికథ, బుర్రకథ, యక్షగానం, నాటకం, తత్త్వాల రూపంలో ప్రజలలో నిలిచిన కథ
* ఆనాటి రాజకీయ చరిత్ర, స్థలనామాలు, ఇతర వ్యక్తుల కాలం వంటి పరోక్ష ఆధారాలు

మొదటి మూడింటిలోను భక్తి ప్రధానం. భక్తుడికి స్వామి మహిమ ముఖ్యం, పుట్టిన తేదీ అంత ముఖ్యం కాదు. కథ ఒక నోటి నుండి మరొక నోటికి, ఒక ప్రతి నుండి మరొక ప్రతికి మారుతున్నప్పుడు పేర్లు, అంకెలు మారడం సహజం. 1984లో ఎన్.టి. రామారావు నటించి, దర్శకత్వం వహించిన శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర చిత్రం విడుదలైన తరువాత, ఆ చిత్రంలోని కథాక్రమమే చాలామంది మనస్సులలో చరిత్రగా స్థిరపడింది.

సంప్రదాయ కథనం

బహుళ ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం స్వామి విశ్వబ్రాహ్మణ కులంలో పరిపూర్ణయాచార్యుడు, ప్రకృతాంబ దంపతులకు ఉత్తరదేశంలో సరస్వతీ నదీ తీరాన జన్మించాడు. శైశవంలోనే తల్లిదండ్రులకు దూరమై అత్రి మహాముని ఆశ్రమంలో పెరిగాడు. ఆ సమయంలో పాపాఘ్ని మఠాధిపతి వీరభోజయాచార్యుడు, ఆయన భార్య వీరపాపమాంబ తీర్థయాత్ర చేస్తూ ఆశ్రమానికి వచ్చారు. సంతానం లేని ఆ దంపతులు బాలుని తమ బిడ్డగా స్వీకరించి వెంట తీసుకొని వచ్చారు. పాపాఘ్ని మఠం నేటి కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం ప్రాంతంలో ఉంది. నందికొండల వద్ద పుట్టి కడప సీమలో పెన్నలో కలిసే పాపాఘ్ని నది పేరే ఆ మఠానికి వచ్చింది.

వీరభోజయాచార్యుని మరణానంతరం బాలుడు దేశాటనకు బయలుదేరాడు. వద్దని దుఃఖించిన వీరపాపమాంబకు దేహతత్త్వాన్ని, బంధముల అనిత్యత్వాన్ని బోధించి, ఆమె అనుమతి పొందినట్లు చెబుతారు. తరువాత బనగానపల్లె చేరి గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువుల కాపరిగా ఉన్నాడు. రవ్వలకొండలో పశువుల చుట్టూ గీత గీసి, గుహలో కూర్చుని కాలజ్ఞానం వ్రాసినట్లు, ఆ విషయం గ్రహించిన అచ్చమ్మ శిష్యురాలైనట్లు కథ. కాలజ్ఞాన పత్రాలను ఆమె ఇంటి ఆవరణలో పాతిపెట్టి, పైన చింతచెట్టు నాటినట్లు ప్రతీతి.

ఆ పిదప స్వామి కందిమల్లాయపల్లెలో స్థిరపడి వడ్రంగం పని చేస్తూ జీవించాడు. పెదకొమెర్లకు చెందిన శివకోటయాచార్యుని కుమార్తె గోవిందమ్మను వివాహమాడాడు. వారికి ఐదుగురు కుమారులు, వీరనారాయణమ్మ అనే ఒక కుమార్తె కలిగినట్లు సంప్రదాయం చెబుతుంది. కుమారుడు గోవిందయ్య కుమార్తె ఈశ్వరమ్మ కూడా యోగినిగా ప్రసిద్ధి పొందింది. దూదేకుల కులానికి చెందిన సిద్దయ్య, దళితుడైన కక్కయ్య ఆయన శిష్యులలో ముఖ్యులు. వైశాఖ శుద్ధ దశమి నాడు స్వామి జీవసమాధి పొందినట్లు విశ్వాసం. ప్రతి సంవత్సరం అదే తిథినాడు మఠంలో ఆరాధన జరుగుతుంది.

యాగంటితో సంబంధం

యాగంటి బనగానపల్లె మండలంలో ఎర్రమల కొండల నడుమ ఉన్న శైవక్షేత్రం. ఇక్కడి ఉమామహేశ్వర ఆలయం విజయనగర రాజుల కాలంలో అభివృద్ధి చెందింది. ఆలయం పక్కనున్న కొండలో సహజసిద్ధమైన గుహలు ఉన్నాయి. వాటిలో ఒకదానిని అగస్త్య గుహ అని, మరొకదానిని వేంకటేశ్వర గుహ అని, వేరొకదానిని వీరబ్రహ్మం గుహ అని పిలుస్తారు. స్వామి ఇక్కడ తపస్సు చేసినట్లు, అచ్చమ్మకు జ్ఞానోపదేశం చేసినట్లు స్థానికుల నమ్మకం. యాగంటి బసవన్న పెరుగుతూ ఉంటాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని కాలజ్ఞానం చెప్పినట్లు ప్రజలలో బలమైన విశ్వాసం ఉంది.

జీవిత చరిత్ర దృష్టితో యాగంటికి ఒక ప్రత్యేకత ఉంది. స్వామి జననం గురించిన కథనం దూరదేశాలకు, పురాణ కాలపు మునుల ఆశ్రమాలకు వెళ్తుంది. బనగానపల్లె, రవ్వలకొండ, యాగంటి ఘట్టాలు మాత్రం గుర్తించగల ఊళ్ళలో, గుర్తించగల కొండలలో జరుగుతాయి. గుహ పేరు, ఇంటి స్థలం, గ్రామ నామాలు అన్నీ ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నవి. కనుక ఆయన జీవితంలో చరిత్రకు అందే భాగం ఈ ప్రాంతం నుండే మొదలవుతుంది. గుహకు ఆయన పేరు ఉండడం ఆయన అక్కడ నివసించాడనడానికి పూర్తి నిరూపణ కాదు. అయితే ఒకే పరిసరాలలోని వేర్వేరు స్థలాలు ఒకే కథను సమర్థించడం పరిశోధకుడు ఉపేక్షించదగినది కాదు.

తల్లిదండ్రుల పేర్లలో భేదం

భిన్న కథనాలలో అతి ముఖ్యమైనది తల్లిదండ్రులకు సంబంధించినది. పైకి ఇది వైరుధ్యంగా కనిపించినా, సంప్రదాయ కథనాన్ని పూర్తిగా చదివినప్పుడు చాలావరకు తొలగిపోతుంది. పరిపూర్ణయాచార్య దంపతులు కన్నవారు, వీరభోజయాచార్య దంపతులు పెంచినవారు. సంక్షిప్తంగా వ్రాసిన రచయితలు ఒక జంటను మాత్రమే పేర్కొని, రెండవ జంటను విడిచిపెట్టారు. సంక్షేపాలను చదివిన తరువాతివారు వీటిని రెండు విరుద్ధమైన వాదాలుగా భావించారు.

ఈ విషయంలో మూడు అంశాలను వేరుచేసి చూడాలి.

మొదటిది, దత్తత. ధర్మశాస్త్ర సంప్రదాయంలో దత్తత వెళ్ళిన పుత్రుడు పెంచిన తండ్రి గోత్రాన్ని, ఇంటిపేరును పొందుతాడు. దత్తక మీమాంస, దత్తక చంద్రిక వంటి గ్రంథాలు ఈ విషయాన్నే చర్చించాయి. 1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టం కూడా దత్తత జరిగిన నాటి నుండి బిడ్డను దత్తత తీసుకొన్నవారి సంతానంగానే పరిగణిస్తుంది. కాబట్టి గోత్రం, ఇంటిపేరు, మఠాధికారం వంటి వివరాలు ఎల్లప్పుడూ పెంచిన ఇంటి వైపే చూపుతాయి. వాటిని ఆధారంగా చేసుకొని కన్న తండ్రిని నిర్ణయించడం సాధ్యం కాదు.

రెండవది, గురుశిష్య సంబంధం. యోగ సంప్రదాయాలలో బిందు పరంపర, నాద పరంపర అని రెండు పరంపరలు చెబుతారు. రక్త సంబంధంతో వచ్చేది బిందు పరంపర. మంత్రోపదేశంతో వచ్చేది నాద పరంపర. శిష్యుడు గురువును తండ్రి అని సంబోధించడం, గురువు ఇంటిపేరుతో పిలువబడడం మామూలే. మఠాధిపతి అయిన వీరభోజయాచార్యుడు ఒకే సమయంలో పెంపుడు తండ్రి, గురుస్థానీయుడు కూడా. అందువలన ఏదైనా గ్రంథంలో ఆయనను తండ్రి అని పేర్కొన్నప్పుడు, అది ఏ అర్థంలోనో సందర్భాన్ని బట్టి గ్రహించాలి.

మూడవది, పేర్ల స్వభావం. పరిపూర్ణం, ప్రకృతి అనేవి వేదాంత పరిభాషలోని పదాలు. అచల సిద్ధాంతంలో పరిపూర్ణం అనే మాట పరతత్త్వానికి వాడబడుతుంది. ప్రకృతి సృష్టికి మూలమైన శక్తి. అవతార పురుషుడిగా భావించబడిన వ్యక్తికి తల్లిదండ్రులుగా ఈ రెండు పేర్లు ఉండడంలో తాత్త్విక ధ్వని స్పష్టం. అంతమాత్రాన అటువంటి పేర్లు గల మనుషులు లేరని చెప్పడానికి వీలులేదు. ఆ కాలంలోనూ దేవతల పేర్లు, తత్త్వవాచకాలు మనుషులకు పెట్టుకొనేవారు. అయితే సరస్వతీ తీరం, అత్రి ఆశ్రమం వంటి వివరాలతో కలిపి చూసినప్పుడు, జనన ఘట్టం పురాణ శైలిలో రూపుదిద్దుకొన్నదని గ్రహించవచ్చు. పాపాఘ్ని మఠం, దాని పీఠాధిపతి అనే వివరాలు దీనితో పోలిస్తే లౌకికమైనవి, స్థలంతో ముడిపడినవి.

ఈ మూడింటినీ గమనిస్తే ఇలా చెప్పవచ్చు: పెంచిన తల్లిదండ్రుల వివరాలకు చారిత్రక బలం ఎక్కువ. కన్న తల్లిదండ్రుల పేర్లు సంప్రదాయం మీద ఆధారపడినవి. రెండింటిలో ఒకటి నిజమై రెండవది అబద్ధం కానవసరం లేదు.

జనన సంవత్సరం

తెలుగువారు సంవత్సరాలను ప్రభవ మొదలు అక్షయ వరకు గల 60 పేర్లతో లెక్కిస్తారు. ఒకే పేరు ప్రతి 60 ఏళ్ళకు ఒకసారి తిరిగి వస్తుంది. శక సంవత్సరం అంకెతో సహా ఉంటే సందేహం ఉండదు. పేరు మాత్రమే ఉంటే 60 ఏళ్ళు ముందుకో వెనుకకో పొరపాటు పడే అవకాశం ఉంది.

1987 వసంతంలో మొదలైన సంవత్సరం ప్రభవ. దాని నుండి 60 చొప్పున వెనుకకు లెక్కిస్తే 1687, 1627, 1567 సంవత్సరాలు కూడా ప్రభవలే. కీలక 42వది కనుక 1567 ప్రభవతో మొదలైన ఆవృత్తిలో అది 1608లో వస్తుంది. ఇది శాలివాహన శకం 1530. సాధారణ 44వది కనుక అది 1610లో వస్తుంది. శ్రీముఖ 7వది కనుక 1687 ప్రభవ తరువాత అది 1693లో వస్తుంది. ఇది శకం 1615.

స్వామి కీలక నామ సంవత్సరంలో జన్మించి, శ్రీముఖ నామ సంవత్సరంలో సమాధి పొందినట్లు చెప్పే సంప్రదాయాన్ని ఈ లెక్కతో పరీక్షించవచ్చు. కీలక 1548, 1608, 1668 సంవత్సరాలలో వచ్చింది. శ్రీముఖ 1633, 1693, 1753 సంవత్సరాలలో వచ్చింది. ఈ రెంటినీ జతపరిస్తే ఆయుర్దాయం 25 ఏళ్ళు, 85 ఏళ్ళు, 145 ఏళ్ళు ఇలా వస్తుంది. దేశాటన చేసి, వివాహమాడి, ఆరుగురు బిడ్డలను పెంచి, పెద్ద శిష్యగణాన్ని తీర్చిదిద్దిన వ్యక్తికి 25 ఏళ్ళు చాలవు. 145 ఏళ్ళు భక్తులు నమ్మవచ్చు గాని చరిత్రకారుడు అంగీకరించలేడు. మిగిలింది 85 ఏళ్ళు. కాబట్టి 1608, 1693 అనే జంట అంతర్గతంగా పొసగుతుంది.

1610 అనే సంవత్సరం ఈ లెక్కకు సరిపడదు. సౌరమానం, చాంద్రమానం భేదం వలన, సంవత్సరాది ఉగాదికి మారడం వలన ఒక సంవత్సరం తేడా రావచ్చు. రెండు సంవత్సరాల తేడా ఆ విధంగా రాదు. 1610 సాధారణ నామ సంవత్సరం కనుక, దానిని అంగీకరించాలంటే కీలక అనే పేరును విడిచిపెట్టాలి. పేరును నిలుపుకొని 1610ని కూడా వ్రాసిన గ్రంథాలలో పొరపాటు ఉన్నదని గ్రహించాలి. ఇటువంటి అంకెను ఒక పుస్తకం నుండి మరొక పుస్తకం తీసుకొన్నప్పుడు పది చోట్ల కనిపిస్తుంది. పది చోట్ల కనిపించినంత మాత్రాన అది పది సాక్ష్యాలు కాదు, ఒకే సాక్ష్యం పదిసార్లు చెప్పబడినట్లు.

సమాధి సంవత్సరం

1693, 1694 అనే భేదానికి కారణం సులభం. శ్రీముఖ సంవత్సరం 1693 ఉగాదితో మొదలై 1694 ఉగాదికి ముందు ముగిసింది. కనుక ఆ సంవత్సరానికి రెండు క్రీస్తు శక అంకెలు వర్తిస్తాయి. పుష్యం, మాఘం, ఫాల్గుణం నెలలలో జరిగిన సంఘటన అయితే తరువాతి అంకె వ్రాయవలసి ఉంటుంది. వైశాఖం సంవత్సరంలో రెండవ నెల. వైశాఖ శుద్ధ దశమి ఆ ఏడు మే నెలలో వచ్చింది. అందువలన తిథిని అంగీకరించినవారు 1693నే అంగీకరించాలి. తిథిని పట్టించుకొనక సంవత్సరాన్ని మాత్రమే మార్చినప్పుడు 1694 అనే అంకె వస్తుంది.

తిథి నిలిచి ఉండడానికి ఒక బలమైన కారణం ఉంది. జనన తిథి కుటుంబానికి మాత్రమే గుర్తుంటుంది. ఆరాధన తిథి మాత్రం ప్రతి సంవత్సరం వేలమంది జరుపుకొనే ఉత్సవం. పుస్తకాలు పోయినా, ప్రతులు తారుమారైనా ఉత్సవం ఆగదు. మఠాల చరిత్రలో సాధారణంగా గురువుల పుట్టిన రోజుల కన్నా సమాధి తిథులకు విశ్వసనీయత ఎక్కువ ఉండడానికి ఇదే కారణం.

రాజకీయ చరిత్రతో పోలిక

స్వామి జీవితకాలం రాయలసీమలో పెద్ద మార్పుల కాలం. విజయనగర రాజ్యం క్షీణించి, బీజాపూరు, గోల్కొండ సుల్తానుల అధికారం విస్తరించింది. గండికోట 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. 1686లో బీజాపూరు, 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతిలో పడ్డాయి. బనగానపల్లె బీజాపూరు సుల్తానుల కింద ఉండి, 1665 ప్రాంతంలో ఒక కుటుంబానికి శాశ్వత జాగీరుగా ఇవ్వబడింది. ఆ వంశంవారే తరువాత నవాబులుగా పిలువబడ్డారు.

ప్రజలలో ఉన్న కథలో బనగానపల్లె నవాబు స్వామిని పరీక్షించి, ఆయన మహిమను గుర్తించినట్లు ఉంటుంది. స్వామి 1608లో జన్మించి, యౌవనంలో బనగానపల్లెలో ఉన్నట్లయితే, అప్పటికి జాగీరు ఏర్పడలేదు. అప్పుడు కథలోని నవాబు బీజాపూరు తరఫున కోటను పాలించిన అధికారి కావాలి. లేదా ఆ ఘట్టం స్వామి వృద్ధాప్యంలో, 1665 తరువాత జరిగి ఉండాలి. తరువాతి తరాల కథకులు తమకు తెలిసిన నవాబు అనే బిరుదును పూర్వకాలపు అధికారికి వర్తింపజేయడం అసాధ్యం కాదు. కథలోని ఒక మాట కాలానికి సరిపోనంత మాత్రాన కథ మొత్తాన్ని తోసిపుచ్చనవసరం లేదు. ఆ మాట ఎప్పుడు చేరిందో గుర్తించడమే పరిశోధకుని పని.

కాలజ్ఞాన ప్రతుల విషయంలోను ఇదే జాగ్రత్త అవసరం. చేతివ్రాత ప్రతులు అనేక తరాల చేతులు మారాయి. ఒక ప్రతిలో ఉన్న వాక్యం మరొక ప్రతిలో ఉండదు. తరువాతి కాలపు సంఘటనలను పేర్లతో సహా చెప్పే భాగాలలో ప్రక్షిప్తాలు ఉండే అవకాశం ఎక్కువ. కనుక ఒక ముద్రిత కాలజ్ఞానంలో జనన వివరం కనిపించినప్పుడు, అది ఏ ప్రతి నుండి వచ్చింది, ఆ ప్రతి ఎప్పటిది అని విచారించిన తరువాతనే దానిని స్వీకరించాలి.

ఇటువంటి ఇతర ఉదాహరణలు

భారతీయ సాధువుల, వాగ్గేయకారుల చరిత్రలో ఇటువంటి సమస్యలు అనేకం.

తాళ్ళపాక అన్నమాచార్యుని జనన సంవత్సరం 1408 అని కొందరు, 1424 అని కొందరు చెప్పారు. తిరుమలలో లభించిన రాగిరేకులలో శకం 1346 క్రోధి సంవత్సరం పేర్కొనబడింది. అన్నమయ్యకు 16 ఏళ్ళ వయస్సులో స్వామి సాక్షాత్కరించిన విషయం కూడా అక్కడే ఉంది. ఆ శక సంవత్సరం పుట్టుకకు చెందినదా, సాక్షాత్కారానికి చెందినదా అన్న దానిపై అర్థభేదం ఏర్పడింది. రెండు అంకెలకూ మధ్య తేడా సరిగ్గా 16. ఇక్కడ ఆధారం ఒక్కటే, దానిని చదివిన తీరు వేరు.

కబీరు విషయం వీరబ్రహ్మేంద్రస్వామి కథకు మరింత దగ్గరగా ఉంటుంది. కబీరును కాశీలో నీరు, నీమా అనే నేతపని దంపతులు పెంచినట్లు సంప్రదాయం. కన్నతల్లి వేరొకరని మరొక కథ. జననం 1398 అని ఒక వాదం, 1440 అని ఒక వాదం. మరణం 1448 అని కొందరు, 1518 అని కొందరు చెబుతారు. పెంచిన ఇంటి వివరం స్థిరంగా నిలిచి, పుట్టిన ఇంటి వివరం మారుతూ ఉండడం రెండు చరిత్రలలోను కనిపిస్తుంది. అన్ని కులాలవారిని, మతాలవారిని ఆకర్షించిన సాధువును ప్రతి వర్గమూ తనవాడిగా చెప్పుకోవాలనుకోవడం దీనికి ఒక కారణం కావచ్చు.

వంశ నిర్ణయానికి గల ప్రాముఖ్యత

ఇది పండితుల మధ్య వాదంగా మాత్రమే మిగలలేదు. కందిమల్లాయపల్లె మఠాధిపత్యం స్వామి వంశీకులలో వారసత్వంగా వస్తున్నది. 2021 మే నెలలో అప్పటి మఠాధిపతి మరణించినప్పుడు, వారసులలో ఎవరు పీఠాన్ని అధిష్ఠించాలన్న వివాదం ఏర్పడి రాష్ట్ర హైకోర్టు వరకు వెళ్ళింది. మూడు శతాబ్దాలకు పూర్వపు వంశవృక్షం, దానిలోని శాఖలు, సంప్రదాయ నియమాలు నేటి న్యాయ, పాలనా విషయాలుగా మారడానికి ఇది ఉదాహరణ.

ఇందులో ఒక విశేషం గమనించదగినది. పాపాఘ్ని మఠంలో పెంపుడు కుమారునిగా ఉండి, ఆ పీఠాన్ని వదలి వెళ్ళిన వ్యక్తి పేరుతో ఏర్పడిన మఠంలో రక్త సంబంధం వారసత్వానికి ఆధారమైంది. ఆయన తన దండం, పాదుకలు మాత్రం శిష్యుడైన సిద్దయ్యకు ఇచ్చినట్లు సంప్రదాయం చెబుతుంది. బిందు పరంపర, నాద పరంపర రెండూ ఆయన నుండి వేర్వేరు దారులలో సాగాయి.

పరిశోధకులకు ఉపయోగపడే పద్ధతులు

తమ పూర్వీకుల జనన, వంశ వివరాలను తెలుసుకోగోరే విద్యార్థులకు, సామాన్య పాఠకులకు ఈ చర్చ నుండి కొన్ని సూత్రాలు లభిస్తాయి.

* దొరికిన ప్రతి వివరాన్ని, అది ఎక్కడ దొరికిందో దానితో సహా విడిగా వ్రాసుకోవాలి. నచ్చని వివరాన్ని ముందుగానే కొట్టివేయరాదు.
* సంఘటనకు దగ్గరి కాలంలో వ్రాయబడిన ఆధారానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. ఒకదాని నుండి మరొకటి నకలు చేసినవాటిని ఒకే ఆధారంగా లెక్కించాలి.
* సంవత్సర నామం, శక సంవత్సరం, మాసం, తిథి, వారం ఉన్నచోట పంచాంగ గణితంతో సరిచూడాలి. తిథికి వారం కుదరకపోతే ఎక్కడో పొరపాటు ఉన్నట్లు.
* తండ్రి అనే మాట కన్నతండ్రికా, దత్తత తండ్రికా, గురువుకా, పినతండ్రికా అన్నది విచారించాలి. తాత పేరు మనుమనికి పెట్టే ఆచారం వలన ఒకే పేరుగల ఇద్దరిని ఒక్కరిగా భావించే ప్రమాదం ఉంది.
* బిడ్డలు, మనుమల కాలంతో పోల్చి వయస్సు సంభావ్యమేనా అని పరీక్షించాలి.
* రెండు వివరాలు పొసగనప్పుడు, రెండూ వేర్వేరు విషయాలకు చెందినవేమో ముందుగా ఆలోచించాలి.

రాయలసీమ ప్రాంతానికి సంబంధించి ఇటువంటి పరిశోధనకు కొన్ని ప్రత్యేక ఆధారాలు ఉన్నాయి. 1800లో నైజాం నుండి ఈస్టిండియా కంపెనీకి ఈ జిల్లాలు దత్తమైన తరువాత, కాలిన్ మెకంజీ బృందం గ్రామగ్రామాన సేకరించిన కైఫీయతులలో ఊళ్ళ చరిత్ర, ఇనాముల వివరాలు, కొన్ని కుటుంబాల వంశక్రమం ఉన్నాయి. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో తయారైన ఇనాము రిజిస్టర్లలో ఇనాందారుల పూర్వీకుల పేర్లు కనిపిస్తాయి. బనగానపల్లె 1948 వరకు ప్రత్యేక సంస్థానం కనుక, ఆ ప్రాంతపు కుటుంబాల విషయంలో కర్నూలు జిల్లా రికార్డులతో పాటు సంస్థానపు కాగితాలను కూడా దృష్టిలో ఉంచుకోవాలి. జనన మరణాల నమోదుకు దేశమంతటా ఒకే చట్టం 1969లో వచ్చింది. అంతకు పూర్వపు తరాలకు పాఠశాల రిజిస్టర్లు, దస్తావేజులు, జాతకచక్రాలు, కాశీ వంటి క్షేత్రాలలో పండాలు ఉంచే యాత్రికుల వహీలు ఉపయోగపడతాయి. పాఠశాలలో చేర్చేటప్పుడు వయస్సును ఉజ్జాయింపుగా వ్రాయించడం ఒకప్పుడు సాధారణం కనుక, ఆ తేదీలను కూడా ఇతర ఆధారాలతో పోల్చి చూడాలి.

సారాంశం

లభించిన ఆధారాలను బట్టి వీరబ్రహ్మేంద్రస్వామి 1608లో జన్మించి, 1693 మే నెలలో సమాధి పొందినట్లు భావించడం సంప్రదాయానికి, పంచాంగ గణితానికి అనుగుణంగా ఉంటుంది. 1694 అనే అంకె సంవత్సర మార్పిడిలో ఏర్పడినది. 1610 కీలక నామ సంవత్సరంతో పొసగదు. తల్లిదండ్రుల విషయంలో పరిపూర్ణయాచార్య దంపతులను కన్నవారిగా, వీరభోజయాచార్య దంపతులను పెంచినవారిగా రెండు జంటలనూ పేర్కొనడం సముచితం. జనన స్థలం గురించిన కథనం పురాణ స్వభావం కలది. బనగానపల్లె, రవ్వలకొండ, యాగంటి, కందిమల్లాయపల్లెలతో ఆయనకు గల సంబంధం స్థలాల ద్వారా, శిష్యుల ద్వారా, నేటికీ సాగుతున్న ఆరాధనల ద్వారా బలపడుతున్నది.